రామదండును నడిపిన ఆంధ్రరత్న

పదిమందిని ఒకచోట చేర్చుట సులభము. వారిని ఒక్క త్రాటిపై నడపుట కష్టము. ఈ విద్య యెరిగిన ఆంధ్రనాయకులలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అగ్రగణ్యులు.

వారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువులయొద్ద పెరిగిరి. ఎడింబరోలో ఎం.ఎ. పట్టము నందిరి. ఆనందకుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరింపగా అది 1917లో వెలువడెను. స్వదేశమునకు వచ్చి కొంతకాలము బందరు జాతీయ కళాశాలలో బోధించిరి.

బందరునుండి కంకిపాడు మీదుగా పోవు రోడ్డు విజయవాడ చేరును. అచ్చట 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తండోపతండములుగా వచ్చిన జనమును అదుపులో నుంచినది గోపాలకృష్ణయ్యగారి రామదండు. సుమారు వెయ్యిమంది సేవకులు గల ఆ దండునకు కాషాయవస్త్రములు, రుద్రాక్షలు గురుతులు. రామకథ యెరుగని తెలుగువాడు లేడు గనుక, ఆ పేరు వినినంతనే ప్రతివానికి తన కర్తవ్యము తెలిసెడిది. జనహృదయమున నున్న భక్తినే వారు క్రమశిక్షణగా మలచిరి.

అసలు పరీక్ష చీరాలలో నెదురయ్యెను. చీరాల పేరాలలను పురపాలకసంఘముగా మార్చగా సాలుకు నాలుగువేలుగా నున్న పన్ను నలుబదివేలకు పెరిగెను. నేతపనివారును చిన్నరైతులును ఆ భారము మోయలేకపోయిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించుటయో, ఊరు విడుచుటయో రెండు మార్గములు చూపెను. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. పదమూడువేలకు పైగా జనులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, ఆ పల్లెకు రామనగరమని పేరిడిరి. అచ్చట వివిధ కులములవారి ప్రతినిధులతో ఒక సభ యేర్పడెను. తగవులను మధ్యవర్తులే తీర్చుచుండిరి. ఎండకు వానకు ఓర్చి పదునొకండు మాసములు వారట్లు నిలిచిరి.

ఈ నడుమ నిషేధాజ్ఞను ధిక్కరించి బరంపురమున ప్రసంగించినందులకు గోపాలకృష్ణయ్యగారికి ఏడాది కారాగారశిక్ష పడెను. నాయకుడు లేని రామనగరమున ధనము తరిగెను, ధైర్యము సడలెను. 1922లో జనులు తిరిగి యిండ్లకు చేరిరి, పన్నును తప్పలేదు.

కడపట పేదరికముతోను క్షయతోను పోరాడి, 1928 జూన్ 10వ తేదీన ముప్పదితొమ్మిదవ యేట వారు కన్నుమూసిరి. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము వారి స్మృతిచిహ్నము.

తరగతిని గాని, విద్యార్థిసంఘమును గాని నడపువారు ఈ కథలో రెండు విషయములు గమనింపవలెను. జనులకు ప్రియమైన భావమును పట్టుకొని పిలిచినచో వారు కలసివత్తురు. కాని యొక్కని భుజములపైననే నిలిచిన కూటమి, ఆతడు దూరమైన నాడు చెదరును. కావున నాయకుడు తనతోబాటు మరి పదిమంది నాయకులను తయారుచేయవలెను.