కన్నది దాచని చరిత్రకారుడు: సలింబేనే

ఇటలీ దేశమందలి పార్మా పట్టణములో 1221వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన ఒక సంపన్న కుటుంబమున సలింబేనే జన్మించెను. మరుసటి సంవత్సరము క్రిస్మస్ దినమున భూకంపము సంభవించినప్పుడు, తల్లి తన ఇద్దరు కుమార్తెలను ఎత్తుకొని పరుగెత్తి, ఊయలలోని పసివానిని విడిచిపోయెను. ఆ సంగతి విన్నది మొదలు ఆమెపట్ల తనకు ప్రేమ తగ్గెనని ఆయన వృద్ధాప్యమున దాపరికము లేక వ్రాసికొనెను. తన హృదయమందలి కొరతను సైతము మరుగుపరచకపోవుటయే ఆయన గ్రంథమునకు ప్రాణము.

1238 ఫిబ్రవరి 4న, పదునారేండ్ల ప్రాయమున, ఆయన ఫ్రాన్సిస్కన్ సహోదరుల సంఘములో చేరెను. తండ్రియైన గుయిదో దుఃఖాక్రాంతుడై రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తిని ఆశ్రయించి, కుమారుని విడిపించుటకు ఉత్తరువు సంపాదించి, ఫానో పట్టణమునకు వచ్చెను. యువకుడు మాత్రము తలిదండ్రులకంటె క్రీస్తునే ఎక్కువగా ప్రేమింపవలెనను సువార్త వాక్యమును ఆధారము చేసికొని, ఇంటికి మరలుటకు నిరాకరించెను. తండ్రి శపించి వెళ్లిపోయెను. మరియొక కుమారుడును సన్న్యాసము స్వీకరించుటతో ఆ వంశము నిలువలేదు. ఆ పిలుపునకు ఒక కుటుంబము చెల్లించిన వెల అది.

1247లో సలింబేనే ఫ్రాన్సు దేశమునకు వెళ్లెను. మంగోలుల యొద్దనుండి తిరిగివచ్చిన కార్పినీ యోహానును ఆ ప్రయాణములో కలిసికొనెను. 1248లో సాన్స్ పట్టణమున, క్రూసేడు యుద్ధమునకు బయలుదేరిన తొమ్మిదవ లూయీ రాజును యాత్రికుని వేషమున కన్నులార చూచెను.

ఆ కాలముననే ఫియోరే యోవాకీము రచనలు ఆయనను ఆకర్షించెను. ఫ్రెడరిక్ చక్రవర్తియే క్రీస్తు విరోధియనియు, 1260లో నూతన యుగము ఆరంభమగుననియు ఆ బోధ ననుసరించినవారు లెక్కించిరి. అయితే ముందుగా చెప్పబడిన కీడులు ఇంకను నెరవేరకమునుపే ఫ్రెడరిక్ 1250లో మరణించెను. పోపు స్వయముగా ప్రకటింపగా విన్నదాక సలింబేనే ఆ వార్తను నమ్మలేదు. 1260వ సంవత్సరమును గడచిపోయెను. అప్పుడాయన లెక్కను సవరించి మరియొక తేదీని వెదకలేదు. ఆ బోధను పూర్తిగా విడిచిపెట్టెను. ఆయన మిత్రుడు గెరార్దో మాత్రము దానిని విడువనొల్లక చెరసాలలో మరణించెను. ఆ మిత్రుని సద్గుణములను మెచ్చుకొనుచునే, ఆయన మొండితనమును సలింబేనే శోకముతో వర్ణించెను.

1283 మొదలు 1288 వరకు ఆయన లాటిను భాషలో తన వృత్తాంత గ్రంథమును రచించెను. క్లారా సహోదరీల మఠమున చేరిన తన అన్న కుమార్తె ఆగ్నేసును మనస్సునందుంచుకొని అనేక సంగతులు వ్రాసెను. రాజులు, బిషప్పులు, కరవులు, గానము చేయు సహోదరులు, ద్రాక్షారసపు రుచులు అన్నియు అందు కనిపించును. వంశగర్వము, పక్షపాతము కూడ కనిపించును. ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి, ఆది భాగము పోగొట్టుకొనినదై, వాటికన్ గ్రంథాలయమున నిలిచియున్నది.

ప్రభువు రాకడ దినమును ఎవడును ఎరుగడని సువార్త బోధించుచున్నది. ఆ దినమును లెక్కింపజూచిన తరములో జీవించి, తాను పొరబడితినని స్పష్టముగా వ్రాసిపెట్టిన ఈ సహోదరుని వినయము నేటి విశ్వాసికిని మేలుకరమే.