కావలి లేని గుడారము : సర్ థామస్ మన్రో జీవితము

పెన్నానది గండికోట కొండలను చీల్చుకొని జమ్మలమడుగు చెంత మైదానమునకు దిగి, ప్రొద్దుటూరు మీదుగా తూర్పునకు సాగిపోవును. నదికి దక్షిణమున కొండల నడుమ పులివెందుల సీమ కలదు. రెండువందల యేండ్లకు పూర్వము ఈ సీమలలో ఆయుధము అలంకారము కాదు. ఊరు దాటువాడు కత్తియో బల్లెమో చేతబట్టి కదలుట ఆనాటి వాడుక. అట్టి కాలమున ఇచ్చటికి అధికారియై వచ్చిన ఒక సైనికుడు ఏడేండ్లపాటు గుడారములలో నివసించుచు, సిపాయిల కావలి లేకయే పల్లెపల్లెయు తిరిగెను. యౌవనమంతయు యుద్ధములలో గడపిన ఆ మనుష్యుడు ఆయుధము ఎచ్చట అక్కరకు వచ్చునో, ఎచ్చట రాదో చక్కగా ఎరిగియుండెను. అతడే సర్ థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకము చేసినవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము ఆ వర్తకమును మట్టుపెట్టెను. కలిగిన యింట పుట్టిన బాలుడు పొట్టకూటికై సముద్రము దాటవలసి వచ్చెను. 1780 జనవరిలో పందొమ్మిదవ యేట అతడు ఈస్టిండియా కంపెనీ కాల్బలమున చిన్న సైనికోద్యోగిగా చెన్నపట్టణమున అడుగు పెట్టెను.

వచ్చిన యేడే అతనికి యుద్ధము ఎదురయ్యెను. ఆ సెప్టెంబరులో కాంచీపురము సమీపమున పొల్లిలూరు కడ కర్నల్ బెయిలీ సేన హైదరాలీ చేతిలో నాశనమయ్యెను. దగ్గరనే యుండియు ఆదుకొనలేక వెనుదిరిగిన సేనలో మన్రో ఒకడు. ఎన్ని తుపాకులున్నను, వాటిని పట్టినవారికి బుద్ధియు సమయస్ఫూర్తియు లోపించినచో అవి కట్టెలతో సమానమని ఆ దినము అతనికి తెలిసియుండును. విరామకాలమున అతడు హిందూస్థానీ, పారసీక భాషలు నేర్చెను. షేక్స్పియరు నాటకములోని షైలాకు వృత్తాంతమును పోలిన ఒక పారసీక కథను అతడు ఆంగ్లములోనికి మార్పగా, అది తరువాత షేక్స్పియరు గ్రంథముల కూర్పులో అచ్చయ్యెను.

1792 మొదలు 1799 వరకు అతడు బారామహలు ప్రాంతమున కెప్టెన్ రీడు క్రింద శిస్తు వ్యవహారములు చూచెను. రైతుతో ముఖాముఖి మాటలాడి, పొలము చూచి పన్ను కట్టు రైత్వారీ పద్ధతి అచ్చటనే రూపొందెను. తరువాత కొంతకాలము కెనరా సీమను పాలించెను. 1800 అక్టోబరులో నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను కంపెనీకి వదలెను. ఈ దత్తమండలములకే 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు వచ్చినది. వీటికి మన్రో ప్రధాన కలెక్టరయ్యెను.

ఆనాటి దత్తమండలముల స్థితి దారుణము. పాలెగాండ్రు ఎనుబదిమంది, వారి కొలువులోని సాయుధులు 30,000 మంది యని లెక్క. పులివెందుల దగ్గర వేముల, జమ్మలమడుగునకు ఉత్తరమున నొస్సము ఇట్టి పాలెములే. శిస్తు వసూలు చేయువాడొకడు, దోచువాడొకడు. ఇద్దరిలో ఎవ్వడు సర్కారో రైతునకు తెలియదు. దీనికి తోడు 1799లో శ్రీరంగపట్టణము పడిపోవుటతో మైసూరు సైన్యము చెదరిపోయెను. కొలువు పోయిన సైనికునకు మిగిలిన ఆస్తి చేతిలోని ఆయుధమే. సేనలకై తయారైన ఆయుధములు ఊళ్లలోనికి చేరుట ప్రతి యుద్ధము వెనుకను జరుగునదే.

ఆ ఆయుధములు నిత్యజీవితమున మనుష్యుని ఎంతవరకు కాపాడగలిగెడివో విచారింపదగియున్నది. పాలెగాని బంటు మోయు జామగి తుపాకికి నిప్పంటిన త్రాడు కావలెను. నిప్పు ఆరినచో అది ఉత్త గొట్టము. సేనాధికారుల చెకుముకి పిస్తోలు అంతకంటె మేలైనదే గాని, అది ఆశ్వికుని కొరకు పుట్టినది. జీను ముందరి తోలు ఒరలలో జంటగా నుంచుకొని, శత్రువు మీదికి వచ్చినప్పుడు ఒక్కమారు పేల్చి, పిదప కత్తి దూయుటకై ఏర్పడినది. దాని బరువు కిలోగ్రామునకు పైమాటే, గొట్టమే జానెడు. మొలలో దోపి పైబట్ట కప్పినను అది దాగదు, కూర్చుండనీయదు, వంగనీయదు. అందు గుండు ఒక్కటే. అది పేలిన పిదప మరల మందు పోసి, గుండు వేసి, కమ్మితో దట్టించి, పళ్లెరములో రంజకము నింపుటకు అరనిమిషమైనను పట్టును. మీదికి దూకిన బాకు అంతవరకు ఆగదు. పది పదునైదు అడుగులు దాటినచో గురి దైవాధీనము. వానలో రంజకము చెమ్మగిల్లును.

పాతబడిన పిస్తోలు మరింత ప్రమాదకరము. చెకుముకిని పట్టియుంచు మీటకు సగము వెనుకకు లాగి నిలుపు మెట్టు ఒకటి కలదు. మందు నింపిన పిస్తోలును మోయునప్పుడు ప్రాణరక్షణకు ఆధారము ఆ మెట్టే. ఏండ్లతరబడి వాడుటచే ఆ గంటు అరిగినచో, ఒక్క కుదుపునకు మీట జారి పిస్తోలు తనంత తానే పేలును. అప్పుడు గుండు తగులునది శత్రువునకు కాదు. మోయువాని తొడకో, ప్రక్కనున్న బిడ్డకో. రణరంగమున ఒక గడియ పనికివచ్చు వస్తువు సంతకును పెండ్లికిని మోసికొనిపోవుటకు పనికిరాదు. పైగా దానిని చూచిన ఎదుటివాడు తానును ఒకటి సంపాదించుకొనును. ఇద్దరి భయమును రెట్టింపగును.

ఈ సంగతి నెరిగిన మన్రో నడత వేరుగా నుండెను. అతడు భవనమున కూర్చుండి కాగితముల మీద పాలింపలేదు. ఎండయనక వానయనక గుడారములలో నివసించుచు గ్రామములు తిరిగెను. గుడారము చుట్టును సిపాయిలను నిలిపినచో రైతు దగ్గరకు రాడు. వచ్చినను నిజము చెప్పడు. కావలి లేని గుడారమున కరణము, రెడ్డి, కూలివాడు, తగవుపడిన అన్నదమ్ములు తెల్లవారినది మొదలు గుమికూడెడివారు. ఎవరి పొలము ఎంత, ఎవరి బావి ఎండినది, ఎవరి పన్ను ఎక్కువ అను మాటలు వినుటయే అతని దినచర్య. తన మాట వినబడునను నమ్మకమున్నచోట మనుష్యుడు ఆయుధమును వెదకడు. అధికారిని కాపాడినది ఆ నమ్మకమే.

అయినను మన్రోను మహర్షిగా చిత్రించుట సత్యమునకు దూరము. అతని వెనుక జనరల్ కాంబెల్ సేనలు ఉండెను. ఎదిరించిన పాలెగాండ్రను అవి అణచివేసెను, కోటలను కూల్చెను. పాలెగాండ్ర యెడల మన్రో చూపిన కాఠిన్యమును లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. స్థానికుల అధికారమును లాగుకొని పరదేశీయుల పాలనను నెలకొల్పినవాడు అతడు. కాని సేన పని ముగిసినచోట న్యాయము పని మొదలుకావలెనని అతనికి తెలియును. లొంగిన పాలెగాండ్రకు భరణములు ఏర్పడెను. భూములు అనుభవించుచు ఆయుధము పట్టిన కట్టుబడి బంట్లలో చాలమందికి ఆ భూములు నిలిచెను. కత్తి పట్టినవానికి కాడి పట్టుటకు చోటు దొరకెను. కత్తి ఒరలో నుండుటకు కారణము భయము మాత్రమే కాదు. అది బయటికి రావలసిన అవసరము తగ్గెను.

1802లో భూముల సర్వే మొదలయ్యెను. చేను చేనును కొలిచి శిస్తు కట్టిరి. ఆ శిస్తు అధికమని మన్రోయే గుర్తించి, 1807లో భూములన్నిటిపై నూటికి ఇరువదియైదు వంతులు, బావి క్రింది తోటభూములకు ముప్పదిమూడు వంతులు తగ్గింపవలెనని వ్రాసెను. కంపెనీ ఒప్పుకొనలేదు. ఆ యేడే అతడు స్వదేశమునకు వెడలెను. పదమూడేండ్ల తరువాత, 1820లో తానే చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు రైతుల చేతికి అందలేదు.

ఈ నడుమ అతడు 1814లో జేన్ కాంబెల్‌ను వివాహమాడెను. 1817-18లో మరాఠా యుద్ధమున స్వల్పమైన సేనతో బాదామి, బెళగాము కోటలను సాధించెను. గవర్నరుగా చేసిన పనులలో ఉపాధ్యాయులు తలపదగినది ఒకటి కలదు. 1822లో అతడు రాష్ట్రమందలి వీథిబడులను, అందు చదువు పిల్లలను లెక్కింప ఆజ్ఞాపించెను. 1826లో ప్రతి జిల్లాకు రెండు బడులును, ప్రతి తాసీల్దారీకి ఒక బడియు ఉండవలెనని తలపెట్టెను.

1827లో పదవి విడుచుటకు ముందు తన పాత సీమను మరొకమారు చూడగోరి అతడు బయలుదేరెను. ఆ యాత్రలో కలరా సోకి జూలై 6వ తేదీన పత్తికొండలో మరణించెను. గుత్తిలో పూడ్చిన అతని అస్థికలను తరువాత చెన్నపట్టణపు కోటలోని దేవాలయమునకు చేర్చిరి. పులివెందుల సీమవారు మరియొక కథ చెప్పుకొందురు. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు గండి క్షేత్రమున, రెండు కొండల నడుమ బంగారు తోరణము మన్రో కంట పడెనట. మరణము ఆసన్నమైన పుణ్యాత్మునకే అది కనబడునని పెద్దలు చెప్పిరట. కథలోని నిజానిజముల మాట యెట్లున్నను, పరదేశి అధికారికి ఆ తోరణమును చూపించినది ప్రజల మనస్సు. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టినదియు ఆ మనస్సే.

అతడు పోయిన పందొమ్మిదేండ్లకు ఆ పాఠమును పాలకులు మరచిరి. కట్టుబడి మాన్యములను సర్కారు లాగుకొనబూనెను. నొస్సము పాలెగాని దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు పదునొకండు రూపాయల చిల్లర భరణమే మిగిలెను. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. నాడు ఆ కోయిలకుంట్ల కడప జిల్లాలోనిదే. భూమి పోయిన బంట్లు నరసింహారెడ్డి వెంట నడిచిరి. ఒరలో తుప్పుపట్టుచుండిన కత్తులు మరల బయటికి వచ్చెను. 1847 ఫిబ్రవరి 22న అతనిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. తరువాతి కాలమున 1878లో ఒకటి, స్వతంత్ర భారతమున 1959లో ఒకటి ఆయుధ చట్టములు వచ్చినవి. లైసెన్సు లేక పిస్తోలు కలిగియుండుట నేరమైనది.

చట్టము చేతిలోని ఆయుధమును తీసికొనగలదు; గుండెలోని భయమును తీసికొనలేదు. ఆ పని చేయగలది న్యాయమొక్కటే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమలు ఆయుధమును నమ్మి పోగొట్టుకొన్న బిడ్డలు మన్రోకు ముందును కలరు, తరువాతను కలరు. వారి పేర్లు గ్రంథములకు ఎక్కలేదు. సిపాయిల మధ్య పెరిగియు సిపాయి లేక నిదురించిన ఆ గుడారము మాత్రము జ్ఞాపకమున నిలిచినది. మొలనున్న పాత పిస్తోలులో గుండు ఒక్కటే. ఊరివారి నమ్మకము మాత్రము ఎన్నిమార్లు వాడినను తరుగనిది.