రైల్వే బిల్లులకు జల్లెడ పట్టిన హోలెరిత్

డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ల్యాప్‌టాప్‌లో ఓ ఫైలు తెరిచి ముందు పెడతారు. అందులో లక్ష లావాదేవీలు. తేదీ, ఊరు, మొత్తం, స్టేటస్. ఫెయిలైనవి తీసేసి ఊరివారీగా అమ్మకాలు చెప్పమంటారు. పవర్ బీఐలోనో పైథాన్‌లోనో రెండు నిమిషాల పని. అందుకే మనలో చాలామందికి ఫిల్టర్ అంటే ఓ బటన్, అంతే. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మొదటి ఉద్యోగంలో ఫెయిలైనవి జాగ్రత్తగానే తీసేశాను. కానీ రీఫండ్లు కూడా సక్సెస్ కిందే నమోదయ్యాయని చూసుకోలేదు. కస్టమర్లకు వెనక్కిచ్చిన డబ్బు కూడా అమ్మకాల్లో కలిసిపోయిన రిపోర్టు పైదాకా వెళ్లింది. ఆ వారం తిన్న చివాట్ల తర్వాతే హెర్మన్ హోలెరిత్ గురించి శ్రద్ధగా చదివాను. మనం క్లిక్‌తో చేసే ఈ పనిని కరెంటు తీగలతో చేసి చూపించిన ఇంజినీర్ ఆయన.

1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫలోలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. చిన్నప్పుడు స్పెల్లింగ్ అంటే హడల్. ఆ క్లాసు తప్పించుకోవడానికి బడి కిటికీలోంచి దూకేశాడని చెబుతారు. అలాంటివాడు 19 ఏళ్లకే, 1879లో, కొలంబియా స్కూల్ ఆఫ్ మైన్స్ నుంచి మైనింగ్ ఇంజినీరై బయటికొచ్చాడు. చేరింది మాత్రం గనుల్లో కాదు, జనాభా లెక్కల ఆఫీసులో. తనకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరే అక్కడికి తీసుకెళ్లాడు. చదివిన బ్రాంచి ఒకటి, చేసే పని ఇంకొకటి అని బాధపడేవాళ్లు ఈ ముక్క గమనించండి.

1880 లెక్కల్లో 5 కోట్ల మంది వివరాలున్నాయి. గుమాస్తాలు కాగితాల మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టేవాళ్లు. మొత్తం తేలడానికి ఏడేళ్లకు పైగా పట్టింది. అక్కడ పెద్ద హోదాలో ఉన్న జాన్ షా బిల్లింగ్స్ అనే డాక్టరు, ఈ పనికి ఓ యంత్రం ఉంటే బాగుంటుందని ఈ కుర్రాడి చెవిన వేశాడు. హోలెరిత్ ఆ మాట వదల్లేదు. 1882లో ఎంఐటీలో పాఠాలు చెప్పాడు, ఆ తర్వాత పేటెంట్ ఆఫీసులో పనిచేశాడు. 1884లో తన మొదటి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు.

అసలు కథ ఇక్కడుంది. ఆయన మొదట వాడింది కార్డులు కాదు, పొడవాటి కాగితపు రీలు. ఒక మనిషి వివరాల పక్కనే ఇంకో మనిషివి, వరసగా రంధ్రాలు. లెక్కపెట్టడానికి బాగానే ఉంది. ఒక రకం వాళ్లను మాత్రమే విడదీయాలంటే మాత్రం రీలంతా తిప్పాల్సిందే. కత్తిరించి వేరే చోట పెట్టడానికి లేదు. ఫిల్టర్ చేయాలంటే ప్రతి రికార్డూ విడిగా ఉండాలని ఆయనకు అక్కడే అర్థమైంది. దానికి దారి రైల్లో దొరికింది. ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు గుర్తుగా కండక్టరు టికెట్ మీద రంధ్రాలు కొట్టేవాడు, ఒకరి టికెట్ మీద ఇంకొకరు ప్రయాణించకుండా. (టిమ్ మిషన్లు రాకముందు మన ఆర్టీసీ కండక్టర్లు టికెట్‌కు పంచ్ కొట్టడం మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది.) అలా ఒక్కో మనిషికి ఒక్కో కార్డు అయింది. ఇప్పుడు మన టేబుల్‌లో ఒక్కో వరస ఎలాగో, ఇదీ అలాగే.

1889లో పోటీ పెట్టారు. ఒకే డేటా, మూడు పద్ధతులు. వివరాల్ని పట్టికలుగా తేల్చడానికి మిగతా ఇద్దరి పద్ధతులకు 44 గంటలు, 55 గంటలు పడితే హోలెరిత్ యంత్రానికి అయిదున్నర గంటలు చాలింది. 1890 జనాభా లెక్కల పని ఆయన చేతికొచ్చింది.

ఆ యంత్రం ఎలా పనిచేసేదంటే, గుమాస్తా కార్డు పెట్టి పిడి లాగుతాడు. పైనుంచి సూదులు దిగుతాయి. రంధ్రం ఉన్నచోట సూది కిందికి దిగి పాదరసాన్ని తాకుతుంది. కరెంటు పారుతుంది, డయల్ మీద ముల్లు ఒక అంకె కదులుతుంది. రిలేలు కలిపితే రెండు మూడు షరతులు ఒకేసారి పెట్టొచ్చు. మగవాడై ఉండాలి, విదేశంలో పుట్టి ఉండాలి, రెండూ నిజమైతేనే ముల్లు కదలాలి అన్నట్టు. ఎస్‌క్యూఎల్‌లో మీరు వేర్ తర్వాత యాండ్ పెట్టి రాసేది ఇదే. కార్డును ఏ అరలో వేయాలో చెప్పడానికి పక్కనున్న పెట్టెలో ఆ అర మూత తెరుచుకునేది.

నాకు వీటన్నిటికంటే నచ్చింది గంట. కార్డు సరిగ్గా చదివితే గంట మోగేది. ఉండాల్సిన వివరం ఒకటి లేకపోతే మోగదు. గుమాస్తా ఆ కార్డు పక్కన పెట్టి, అసలు కాగితంతో సరిచూడాలి. అంటే లెక్కలోకి రాకముందే తప్పు కార్డు ఏరివేతకు వెళ్లేది. నా రీఫండ్ల ఫైలుకు అలాంటి గంట ఒక్కటి ఉండి ఉంటేనా!

ఆ ఏడాది అమెరికా జనాభా 6.26 కోట్లని తేలింది. హోలెరిత్‌కు అదే ఏడాది కొలంబియా డాక్టరేట్ వచ్చింది, పెళ్లీ అయింది. కానీ జనాభా లెక్కలు పదేళ్లకోసారే కదా. మధ్యలో యంత్రాలేం చేయాలి? అందుకే రైల్వేల తలుపు తట్టాడు. న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో సరుకు వే బిల్లులు గుట్టలుగా పేరుకుపోయేవి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత బరువు, ఎంత ఛార్జీ. నిజమైన లావాదేవీల డేటా ఇది. మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. జనాభా యంత్రం మనుషుల్ని ఒక్కొక్కరుగా లెక్కపెట్టగలదు గానీ, ఒక బిల్లు మీద 40, ఇంకో బిల్లు మీద 75 ఉంటే వాటిని కూడలేదు. కౌంట్ వేరు, సమ్ వేరు. హోలెరిత్ మళ్లీ మొదటికొచ్చి, కార్డు మీది అంకెల్ని కూడే యంత్రం తయారుచేశాడు. 1896లో రైల్వే ఒప్పుకుంది. అదే ఏడాది టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది రష్యా జనాభా లెక్కలకూ ఆయన యంత్రాలే వాడారు.

తెలివి ఎంతుందో మొండితనమూ అంతే ఉండేది. యంత్రాలు అమ్మేవాడు కాదు, అద్దెకిచ్చేవాడు. ఆ అద్దె మరీ ఎక్కువని జనాభా లెక్కల కొత్త డైరెక్టర్ అభ్యంతరం చెప్పాడు. ఈయన దిగిరాలేదు. 1905 నాటికి సంబంధం తెగిపోయింది. ఆఫీసువాళ్లు సొంతంగా యంత్రాలు చేయించుకున్నారు. ఆపాలని కోర్టుకెళ్లి ఓడిపోయాడు. నన్నడిగితే తప్పు ఆయనదే. అయినా కంపెనీ మునగలేదంటే, పదేళ్ల ముందే వే బిల్లుల దగ్గర నేర్చుకున్న కూడిక వల్లే. అప్పటికి వ్యాపార సంస్థలు గిరాకీలుగా ఉన్నాయి.

1911లో కంపెనీని ఇంకొన్నిటితో కలిపేశారు. ఆయన వాటాకు దాదాపు 12 లక్షల డాలర్లు వచ్చాయి. తర్వాత కొన్నాళ్లు సలహాదారుగా ఉండి, ఎక్కువగా పొలం, ఆవుల మధ్య గడిపాడు. 1914లో థామస్ వాట్సన్ పగ్గాలు పట్టాడు, 1924లో కంపెనీ పేరు ఐబీఎం అయింది. 1929 నవంబర్ 17న వాషింగ్టన్‌లో హోలెరిత్ గుండెపోటుతో చనిపోయాడు. అంతకు ముందు ఏడాదే ఐబీఎం 80 వరసల కార్డు తెచ్చింది. మీ కంప్యూటర్‌లో టెర్మినల్ విండో తెరిచి చూడండి, చాలావాటిలో మొదట కనిపించే వెడల్పు ఇప్పటికీ 80 అక్షరాలే.