ద్వీపాంతరవాసి విలియం బక్లీ

1788 నుండి 1868 వరకు బ్రిటిషు ప్రభుత్వం సుమారు 1,60,000 మంది నేరస్థులను ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపింది. వారిలో స్వదేశాన్ని మళ్ళీ చూచినవారు తక్కువ, చరిత్రలో పేరు మిగిలినవారు ఇంకా తక్కువ. ఆ కొద్దిమందిలో విలియం బక్లీ ఒకడు.

బక్లీ 1780లో ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతాన మార్టన్ గ్రామంలో జన్మించాడు. తాపీపని నేర్చుకొన్నాడు. ఆరున్నర అడుగుల ఆజానుబాహువు. ఇటుకలు పేర్చే బ్రతుకు రుచించక సైన్యంలో చేరి, 1799లో హాలండు యుద్ధంలో చేతికి గాయపడ్డాడు. దొంగసొత్తని తెలిసీ ఒక తాను బట్టను పుచ్చుకొన్నాడన్న నేరంపై 1802లో అతడికి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించారు. తాను గుడ్డకు ఒక జీవితకాలం! ఆనాటి ఇంగ్లీషు చట్టం అటువంటిది.

1803లో అతడిని ఎక్కించిన ఓడ పేరు కలకత్తా. అంతకు పూర్వం ఈస్టిండియా కంపెనీ వర్తకానికి తిరిగిన ఓడే అది. దాదాపు 300 మంది ఖైదీలతో అది ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని పోర్ట్ ఫిలిప్ అఖాతానికి చేరింది. ఆ చోట మంచినీటికి కటకట. వలసను మరొక దీవికి తరలించాలని అధికారి డేవిడ్ కాలిన్స్ నిశ్చయించాడు. ఆ తరలింపుకు ముందే, 1803 డిసెంబరు 27 రాత్రి, బక్లీ కొందరు ఖైదీలతో కలిసి పారిపోయాడు. ఒకడు కాపలావాళ్ళ తుపాకికి చిక్కాడు. మిగిలిన సహచరులు ఆకలికి తాళలేక వెనుదిరిగారు. వారి జాడ మరి తెలియలేదు. బక్లీ మాత్రం తిరిగి వెళ్ళలేదు.

సముద్రపు గుల్లలు, అడవి పండ్లు తింటూ ఒంటరిగా తీరం వెంట తిరిగాడు. ఒకనాడు ఒక మట్టిదిబ్బపై నాటి ఉన్న ఈటెను ఊతకర్రగా తీసుకొన్నాడు. అది వాతౌరోంగ్ తెగకు చెందిన ముర్రంగర్క్ అనే వీరుడి సమాధి. చనిపోయినవారు తెల్లని దేహంతో తిరిగి వస్తారని ఆ తెగవారి విశ్వాసం. కనుక ఈటెతో సోలిపోయి పడి ఉన్న ఆ తెల్లవాడిని చూచిన స్త్రీలు అతడిని తమ ముర్రంగర్కుగానే ఎంచి ఆదరించారు. ముర్రంగర్క్ బంధువులు అతడికి బంధువులైనారు. ఆ ఈటె కంటబడకపోతే అతడి కథ అక్కడే ముగిసేదేమో.

అలా 32 సంవత్సరాలు. బార్వాన్ నది పరిసరాలలో చేపలు పట్టడం, వేటాడడం, తోళ్ళు కుట్టుకొని కప్పుకోవడం నేర్చాడు. వారి భాష అతడి భాషయింది. ఇంగ్లీషు క్రమంగా మరుగున పడింది. వాడని భాష నోటికి ఎలా దూరమవుతుందో సరిహద్దు గ్రామాల పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

1835లో జాన్ బ్యాట్‌మన్ అనే వలసదారుడు దుప్పట్లు, కత్తులు, పిండి వంటివి ఇచ్చి తెగపెద్దల నుండి ఆరు లక్షల ఎకరాలు పొందినట్లు పత్రం వ్రాయించుకొన్నాడు. అతడి మనుషులు తీరాన గుడారాలు వేశారు. జూలై 6న ఒక మహాకాయుడు తోలు కప్పుకొని, ఈటెలు పట్టుకొని వారి ఎదుట నిలిచాడు. నోట మాట రాలేదు. రొట్టె అన్న మాట గుర్తుకు రావడానికే సమయం పట్టిందట. చేతిపై పచ్చబొట్టుగా ఉన్న తన పేరులోని తొలి అక్షరాలను మాత్రం చూపగలిగాడు. వలసదారులపై దాడి జరుగనున్నదని తెలిసి, దానిని ఆపడానికే అతడు బయటపడ్డాడని చెబుతారు.

గవర్నరు ఆర్థర్ అతడికి క్షమాభిక్ష ఇచ్చాడు. బక్లీ దుబాసీ అయినాడు. అక్కడినుండే అసలు కష్టం మొదలైంది. వలసదారులు అతడిని తెగవారి పక్షపాతి అని శంకించారు. తెగవారికి అతడు భూములు ఆక్రమించుకొంటున్నవారి కొలువులో కనిపించాడు. ఇరువురి మాటలూ ఎరిగినవాడు ఇరువురికీ పరాయివాడైనాడు. తన్ను బ్రతికించిన ప్రజల నేల గొర్రెల మందల పాలవుతుంటే చూచి, 1837 చివర హోబర్టుకు వెళ్ళిపోయాడు.

హోబర్టులో నాటకశాలవారు ఆ భారీకాయాన్ని వింతగా ప్రదర్శించాలని చూడగా అతడు నిరాకరించాడు. 1840లో ఒక వితంతువును వివాహమాడాడు. చిన్న ఉద్యోగాలతో కాలం గడిపాడు. చదువు లేనివాడు గనుక అతడి వృత్తాంతాన్ని జాన్ మోర్గన్ అనే పత్రికా రచయిత 1852లో పుస్తకంగా వెలువరించాడు. ఏమాత్రం ఆశ లేని పనిని ఆస్ట్రేలియావారు ఈనాటికీ బక్లీ అవకాశమనే అంటారు. ఆ నానుడికి ఇతడి పేరే మూలమని చాలామంది నమ్మకం. ముదిమిలో ప్రభుత్వం కొద్దిపాటి పింఛను మంజూరు చేసింది. బండి నుండి పడి దెబ్బ తగిలి, 1856 జనవరి 30న హోబర్టులో కన్నుమూశాడు.