జాయప సేనాని

ఓరుగల్లునకు ఈశాన్య దిశను, పాలంపేట గ్రామమున, రామప్ప దేవాలయము కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనానులలో నొకడగు రేచర్ల రుద్రుడు దానిని క్రీ. శ. 1213లో ప్రతిష్ఠించెను. ఆ గుడి స్తంభములపైనను, దూలములపైనను నర్తకులును, మృదంగము వాయించువారును వరుసలు తీరి కనబడుదురు. వారి నిలుకడను తేరిపార జూచువానికి ఒక సందేహము కలుగక మానదు. పాదములు ఎడముగా నుంచి, మోకాళ్ళు వంచి, నడుమును నిటారుగా నిలిపిన ఆ భంగిమ నర్తకునిదా, వింటిని పట్టిన వీరునిదా? ఆటకై నేర్చిన అడుగు నిజమైన పోరున అక్కఱకు వచ్చునా?

ఈ సందేహమును తీర్పదగిన పురుషుడొకడు ఆ కాలముననే యుండెను. ఆతడు యుద్ధగజములను నడపిన సేనాని. నృత్తశాస్త్రమును రచించిన పండితుడు. ఆతని పేరు జాయప.

కృష్ణానది సముద్రమున గలియు తావున దివిసీమ యున్నది. పండ్రెండవ శతాబ్ది తుదిని ఆ సీమను అయ్య వంశమువారు పాలించుచుండిరి. జాయప తండ్రియగు పినచోడి ఆ వంశమువాడు. గణపతిదేవుడు 1199లో సింహాసన మధిష్ఠించి, కొలది యేండ్లలోనే తీరాంధ్రముపై దండెత్తెను. దివిసీమయు ఆతనికి లోబడెను. ఓడినవాని యింటిని రూపుమాపుట ఆనాటి రాజులకు క్రొత్తగాదు. గణపతిదేవుడు మాత్రము అట్లు చేయలేదు. పినచోడితో సంధి చేసికొని, ఆతని కుమార్తెలగు నారమను, పేరమను వివాహమాడెను. వారి సోదరుడగు జాయపను తన కొలువునకు గైకొనెను.

ఆనాటికి జాయప బాలుడు. తన తండ్రి నేలను గెలిచిన రాజు నీడలోనే ఆతడు పెరుగవలసి వచ్చెను. అట్టి బాలునకు గణపతిదేవుడు ఏ విద్య నేర్పించెనో తెలిసికొన్నచో ఆశ్చర్యము కలుగును. బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, ఆతనిని గుండామాత్యుడను విద్వాంసునకు అప్పగించి, నృత్త కళను నేర్పించెను. రాబోవు కాలమున సేనలను నడపవలసినవానికి నృత్తమేల యని కొందఱికి తోచవచ్చును. శత్రువు కత్తి దూసి మీదికి వచ్చునపుడు తాళము వేయువా డెవడుండును? లయ తప్పకుండ అడుగు వేయుమని ఆ కత్తిని ఎవడు శాసింపగలడు? ఈ ప్రశ్న తేలికయైనది కాదు. శిక్షణ నిష్ఫలమైనచో దాని వెల ప్రాణము. అది ఒక్కని ప్రాణము మాత్రమే కాదు. సేనాని వెంట నడచు వారందఱి ప్రాణము.

జాయప పెరిగి పెద్దవాడై గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతి యయ్యెను. ఆ పదవికి గజసాహిణి యని పేరు. ఆ కాలపు సైన్యములకు ఏనుగు ప్రాణమువంటిది. కోట తలుపులను పగులగొట్టుటకును, శత్రువుల కాల్బలమును చెదరగొట్టుటకును దానిని మించిన సాధనము లేదు. కాని అది బెదరెనా, తనవారినే త్రొక్కివేయును. కదలుచున్న ఏనుగు వీపుపై నిలిచి ఆయుధమును ప్రయోగించుట సామాన్యమైన పని కాదు. క్రింది నేల తనది కాదు. అది ప్రతి క్షణమును ఊగుచుండును. మోకాలిలో సడలింపును, నడుములో స్థైర్యమును లేనివాడు బాణము వేయుటకు మున్నే నేల గూలును.

రామప్ప గుడి వెలసిన 1213వ సంవత్సరమునకే జాయప పేరు చేబ్రోలు శాసనమున కెక్కెను. గుంటూరు సీమలోని చేబ్రోలునకు ఆనాడు తామ్రపురి యని నామాంతరము. దివిసీమలో ఆతడు తన ప్రభువు పేర గణపేశ్వరాలయమును కట్టించెను. 1231 నాటి గణపేశ్వర శాసనము ఆతని వంశ చరిత్రను, గణపతిదేవుని దండయాత్రను, తరువాతి వివాహ బంధమును తెలుపుచున్నది. ఓడిన యింటి బాలుడు గెలిచిన ప్రభువునకు ఇంతటి ఆప్తుడగుట, ఆ ప్రభువు దూరదృష్టికిని, ఆ బాలుని నిష్ఠకును నిదర్శనము.

చేబ్రోలు శాసనము వెలసిన నలువది యేండ్లకు, 1253-54 ప్రాంతమున, జాయప సంస్కృతమున నృత్తరత్నావళి యను గ్రంథమును రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు కలవు. మొదటి నాలుగింట భరతముని నాట్యశాస్త్రము ననుసరించిన మార్గ పద్ధతియు, కడపటి నాలుగింట ఆయా దేశములలో ప్రజలు ఆడుచుండిన దేశి పద్ధతియు వివరింపబడినవి. శాస్త్రమున లేదని ప్రజల ఆటను ఆతడు చులకన చేయలేదు. గ్రంథమున సగము దానికే కేటాయించెను.

భరతుడు చెప్పిన మార్గ పద్ధతిని పరిశీలించిన, రామప్ప గుడిలో కలిగిన సందేహమునకు తొలి సమాధానము దొరకును. అందు పురుషులకు ఆఱు నిలుకడలు చెప్పబడినవి. వానికి స్థానకములని పేరు. వైష్ణవము, సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అనునవి ఆ యాఱు. పాదముల నడుమ నుండవలసిన ఎడమును తాళములతో కొలుతురు. బొటనవ్రేలి కొననుండి నడిమివ్రేలి కొన వఱకు చాచిన చేతి కొలతయే తాళము. మండలమున పాదముల ఎడము నాలుగు తాళములు. అందుండి కుడి పాదమును ఐదు తాళముల దూరము చాచినచో ఆలీఢ మగును. దానిని తాఱుమాఱు చేసినచో ప్రత్యాలీఢము. ఆలీఢమున ఆయుధమును సంధించి, ప్రత్యాలీఢమున విడువవలెనని భరతుని నియమము. వైశాఖము గుఱ్ఱపు స్వారికిని, వ్యాయామమునకును తగినది. మండలము వింటిని ప్రయోగించుటకును, ఏనుగు నెక్కుటకును చెప్పబడినది. గజసైన్యాధిపతికి ఇంతకంటె దగ్గఱి పాఠ మేముండును?

ఇది కేవలము నటుల కల్పన కాదు. అగ్నిపురాణమున ధనుర్వేదమును తెలుపు భాగము కలదు. విలుకాడు ఎట్లు నిలువవలెనో అచ్చట చెప్పబడినది. సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అను పేర్లు అందును కనబడుచున్నవి. రంగస్థలమును, రణరంగమును ఒకే నిలుకడను, ఒకే పేరుతో పంచుకొనినవి. కావున గుడి స్తంభముపై నున్న భంగిమ నర్తకునిదా, వీరునిదా యను ప్రశ్నకు ఇరువురిదియు ననుటయే తగిన సమాధానము.

అయినను ఇంతటితో వాదము ముగియలేదు. భరతుడే రంగముపై ఆయుధములను త్రిప్పుటకు నాలుగు న్యాయములను చెప్పెను. వానికి భారతము, సాత్వతము, వార్షగణ్యము, కైశికము అని పేర్లు. భారతమున ఆయుధము ప్రత్యర్థి నడుమునకును, సాత్వతమున పాదమునకును, వార్షగణ్యమున ఎదకును, కైశికమున శిరస్సునకును గుఱి పెట్టబడును. కాని నిజముగా కొట్టరాదనియు, కోయరాదనియు, నెత్తురు చిందరాదనియు ఆతడు కట్టుదిట్టము చేసెను. దెబ్బను అభినయముచే మాత్రమే తెలుపవలెను. ఇచ్చటనే ఆటకును, పోరునకును నడుమ గీటు గీయబడినది. గుఱి ఒక్కటే; అడుగు ఒక్కటే. కాని ఆటలో ఎదుటివాడు చెప్పినట్లు నడచును. పోరులో వాడు ఎన్నడును చెప్పినట్లు నడవడు.

ఈ వాదము మన దేశమునకే చెందినది కాదు. నేడు జపానులో భాగమైన ఓకినావా ద్వీపమున కరాటే యను విద్య పుట్టి పెరిగినది. అందు కతా లను అభ్యాస క్రమములు కలవు. ఎదుట ఎవరును లేకున్నను ఉన్నట్లు భావించి, నియతమైన వరుసలో అడుగు వేయుచు, కాచుకొనుచు, కొట్టుచు సాగునదే కతా. ఫునకోషి గిచిన్ (1868-1957) ఆ విద్యను 1922లో టోక్యో నగరమున ప్రదర్శించి జపానున వ్యాపింపజేసెను. గురువు ఆజ్ఞచే ఆతడు మూడు కతాలను పదియేండ్లు సాధన చేసెను. ఆతని సమకాలికుడగు మోటోబు చోకి (1870-1944) వేఱొక దారిని త్రొక్కెను. నేర్చినది పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు యౌవనమున వీధి పోట్లాటలకు పోయెడివాడు. అది మెచ్చదగిన పద్ధతి కాదు. కాని ఇందొక విశేషము కలదు. అన్ని పోట్లాటలు చూచిన ఆ మోటోబు సైతము నైహాంచి యను కతాను విడిచిపెట్టలేదు. జీవితాంతము దానినే ముఖ్యముగా అభ్యసించెను. ఫునకోషి పదియేండ్లు సాధించిన మూడును ఆ నైహాంచి క్రమములే. కతాను నమ్మినవాడును, పోరును నమ్మినవాడును ఒకే అడుగు కడకు వచ్చి చేరిరి.

దీనిని బట్టి విద్యలో రెండు మెట్లున్నవని తెలియుచున్నది. మొదటిది క్రమము. పాదమును ఎచ్చట నుంచవలెను, బరువును ఏ కాలిపై మోపవలెను, ఊపిరిని ఎప్పుడు బిగబట్టవలెను అనునవి ఆలోచింపకయే జరుగునట్లు దేహమునకు అలవాటు చేయుట దాని పని. ఆపద వచ్చినపుడు ఆలోచించుటకు వ్యవధి యుండదు; అలవాటే మనుష్యుని కాపాడును. రెండవది ప్రతిఘటన. మాట వినని ప్రత్యర్థి యెదుట ఆ యలవాటును పరీక్షించుకొని, దూరమును, వేళను గుర్తించుట దాని పని. మొదటి మెట్టుననే ఆగిపోయినవాడు చూడముచ్చటయైన ఆటగాడగును గాని యోధుడు కాడు. మొదటి మెట్టు నెక్కక రెండవదానికి ఎగబ్రాకినవాడు కాళ్ళు తడబడి పడిపోవును. గణపతిదేవుడు జాయపకు నృత్తము నేర్పించి ఊరకుండలేదు. ఏనుగుల దండును ఆతని చేతికిచ్చెను. రెండు మెట్లును ఆతని జీవితమున ఒకటిగా కలిసినవి.

దేహదార్ఢ్యము విషయమునను శాస్త్రము వాస్తవమునే చెప్పినది. అడుగులను సాధన చేయువాడు నూనెతో గాని యవల గంజితో గాని ఒడలు మర్దించుకొనవలెననియు, ఆహారము నందు శ్రద్ధ వహింపవలెననియు భరతుడు బోధించెను. బలము లేనివానికి క్రమము తెలిసినను ఫలము లేదు.

జాయప దేశి పద్ధతిలో వర్ణించిన వానిలో పేరణి యొకటి. నర్తకుడు ఒడలికి భస్మము పూసికొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, ఉద్ధతమైన లయతో దానిని ఆడును. యుద్ధమునకు వెడలు వీరులు శివుని సన్నిధిని పేరణి యాడి ఉత్సాహమును పొందెడివారని ఓరుగంటి సీమలో ఐతిహ్యము కలదు. చిందు, కోలాటము మున్నగునవియు ఆతని గ్రంథమున చోటు చేసికొన్నవి. కోలాటమున ఇద్దఱు ఎదురెదురుగా నిలిచి, కోలను కోలతో తాకింతురు. ఒకడు వేళ తప్పినచో రెండవవాని వ్రేళ్ళకు దెబ్బ తగులును. ఆట యైనను అది ఎదుటివానిని గమనించుట నేర్పును. జనగామ సీమలోని పాలకుర్తికి చెందినవాడని ప్రసిద్ధి గాంచిన పాల్కురికి సోమనాథ కవియు తన పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమందలి శివరాత్రి జాగరణను, అచ్చటి భక్తుల ఆటపాటలను విరివిగా వర్ణించెను. ఈ సీమ పల్లెలలో ఆట యనునది ఒడలికి బలమును, మనస్సునకు ధైర్యమును ఇచ్చు సాధన యని ఆనాటివా రెఱుగుదురు.

కాలము మాఱెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యములకు లొంగెను. కాకతీయ రాజ్యము అంతరించెను. జాయప నడపిన ఏనుగుల దండు జాడలేకుండ పోయెను. ఆతడు వ్రాసిన గ్రంథము మాత్రము వ్రాతప్రతులలో నిలిచి యుండెను. వి. రాఘవన్ పండితుని పరిష్కరణముతో 1965లో మద్రాసున అది అచ్చయ్యెను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగున కనువదించెను. నటరాజ రామకృష్ణ (1923-2011) ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను చేరువగా పరిశీలించి, మఱుగున పడిన పేరణికి పునర్జీవము పోసెను. 1985 శివరాత్రినాడు రామప్ప గుడి ముంగిటనే ఆ నృత్యము ప్రదర్శింపబడినది. 2021లో ఆ దేవాలయము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది.

యుద్ధముతో ముడిపడిన అడుగు యుద్ధములు ముగిసిన తరువాతను బ్రతికి యుండుటయే ఇందలి వింత. నిజమైన పోరు మనుష్యుని జీవితమున అరుదుగా వచ్చును. రాకున్న మఱింత మేలు. కాని సాధన ప్రతిదినము చేయదగినది. జాయప ఆటను పోరని భ్రమింపలేదు. పోరున కుపయోగింపని ఆట వ్యర్థమనియు తలపలేదు. దేని స్థానమున దానిని నిలిపి, రెండింటను నిష్ఠతో శ్రమించెను. అందుచేతనే ఆతని ఏనుగులు పోయినను, ఏడు వందల డెబ్బది యేండ్లు గడచినను, ఆతని అడుగు నిలిచియున్నది.