బడి వదలని ఫుట్‌బాల్ గురువు: రహీం సాహెబ్

హైదరాబాద్ ముస్లిముల ఘనత చెప్పుకునేటప్పుడు మనం నవాబులను, కవులను తలుచుకుంటాం. ఒక బడిపంతులును మాత్రం మరచిపోతుంటాం. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో జన్మించారు, వృత్తి ఉపాధ్యాయులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు శిక్షణ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడే డ్యూరాండ్ కప్ ఫైనల్. ఎదుట కలకత్తా మోహన్ బగాన్! 1911లో ఉత్తికాళ్లతో ఆడి ఆంగ్లేయ సైనిక జట్టును ఓడించిన క్లబ్బు అది. కప్పు మన పోలీసులదే అయింది. బొంబాయి రోవర్స్ కప్‌నైతే 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు తెచ్చారు.

ఎడమకాలు వాటం లేనివాడు ఆ కాలితోనే ఆడాలని షరతు పెట్టి రహీం సాహెబ్ పోటీలు జరిపేవారట. కప్పులకంటే ఈ పద్ధతే గొప్పదని మేము భావిస్తాం. బోధన తెలిసినవారికే ఇలాంటి ఆలోచన వస్తుంది.

భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే దక్కాయి. జకార్తాలో 1962 ఫైనల్‌కు, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో దించారు. కొరియాపై ఆయన గోల్ కొట్టారు. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం సాహెబ్ ఇంతిఖాల్ చేశారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న ఆయన కుమారుడు షాహిద్ హకీం 2021లో కన్నుమూశారు.