ఆంథనీ ట్రాలప్ జీవితము

లండను నగరమున థేమ్సు నది యొడ్డున నున్న పార్లమెంటును గూర్చి గ్రంథములు వ్రాసినవారు పెక్కండ్రు. మంత్రులు తమ స్మృతులు వ్రాసిరి. విలేఖరులు సభా వృత్తాంతములు వ్రాసిరి. అయినను ఆ సభలోని మనుష్యులు పదవి కొరకు ఎట్లు ఆరాటపడుదురో, పక్షమునకును మనస్సాక్షికిని నడుమ ఎట్లు నలుగుదురో తెలిసికొనగోరువారు నేటికిని వెదకి చదువు పుస్తకములలో, ఆ సభలో ఒక్క దినమైనను సభ్యుడుగా కూర్చుండని యొక తపాలా యుద్యోగి వ్రాసిన ఆరు నవలలు కలవు. అతని పేరు ఆంథనీ ట్రాలప్.

ట్రాలప్ 1815 వ సంవత్సరము ఏప్రిలు 24 వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి న్యాయవాది. విద్వాంసుడే గాని మిక్కిలి ముక్కోపి. కోపము హెచ్చినకొలది కక్షిదారులు తగ్గిరి. అంతట నాతడు హారో అను ఊరి చెంత భూమి కౌలునకు పుచ్చుకొని సేద్యము ప్రారంభించెను. సేద్యము ఎరుగని వాని సేద్యము ఎట్లుండునో మన పల్లెలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఉన్న ధనమంతయు ఆ మంటిలో కలిసిపోయెను. హారోలో ప్రభువుల బిడ్డలు చదువు ప్రఖ్యాత పాఠశాల కలదు. ఆ ఊరివారి పిల్లలకు అచ్చట జీతము లేకుండ చదువుకొను వీలుండుటచే ఆంథనీని అందు చేర్చిరి. దూరమున నున్న పొలము నుండి బురద దారిని నడిచి, మాసిన బట్టలతో వచ్చు ఆ బాలుని తోడి విద్యార్థులు దరిజేరనీయలేదు. ఉపాధ్యాయులు వానిని కొట్టిరి గాని వాని కథ ఏమని అడిగినవారు లేరు. ట్రాలప్ ముదిమిలో వ్రాసికొనిన స్వీయచరిత్రలో ఈ భాగము చదివినచో, ఈ వృత్తిలో నున్న మా వంటివారు తల వంచుకొనవలసినదే.

1834 వ సంవత్సరమున అప్పులవారి బాధ మితిమీరెను. ఒకనాడు తండ్రి తనను ఒంటి గుర్రపు బండిలో లండనునకు తోలుకొని పొమ్మనెను. తండ్రి ఓడ యెక్కి దేశము విడిచి పోవుచున్నాడని కుమారునికి దారిలో గాని తెలియలేదు. అతడు మరలి వచ్చునప్పటికి జప్తు చేయవచ్చిన అమీనా మనుష్యులు ఇంట నిండియుండిరి. తల్లి ప్రీతితో కూర్చుకొనిన పింగాణి పాత్రలను, కొలది పుస్తకములను చెల్లెండ్రును పొరుగింటి పిల్లలును దడిలోని సందు గుండ రహస్యముగా చేరవేయుచుండిరి; ఆంథనీయు వారితో చేరెను. కుటుంబమంతయు బెల్జియము దేశమున బ్రూజి పట్టణమున తలదాచుకొనెను. అచ్చట భర్తకును, క్షయరోగము సోకిన బిడ్డలకును ఉపచారములు చేయుచు, మిగిలిన గడియలలో నవలలు వ్రాసి ఇల్లు నిలిపినది ఆ తల్లి, ఫ్రాన్సెస్ ట్రాలప్. ఆమె తొలి పుస్తకము వెలువడునప్పటికి ఆమెకు 50 ఏండ్లు దాటెను. మరణించు బిడ్డ ప్రక్కగదిలో కూర్చుండి లోకమును నవ్వించు పుస్తకములు వ్రాసిన ఆ యిల్లాలిని చూచియే, ప్రేరణ కొరకు కాచుకొని కూర్చుండక పని చేయుటను కుమారుడు నేర్చెనని నేను తలంతును.

ఆ సంవత్సరముననే ఆంథనీ లండను తపాలా ప్రధాన కార్యాలయమున ఏడాదికి 90 పౌనుల జీతముపై గుమాస్తాగా చేరెను. ఏడేండ్లు అప్పులతోను, ఆలస్యముగా వచ్చినందుకు మందలింపులతోను గడచెను. ఆ దినములలో పినతండ్రి వరుస వాడొకడు, పెద్దవాడవై ఏమి కాగోరెదవని అడిగెను. పార్లమెంటు సభ్యుడను కాగోరెదనని యువకుడు బదులు చెప్పెను. తపాలా గుమాస్తాలు పార్లమెంటు సభ్యులైన వార్త తాను విని యెరుగనని ఆ పెద్దమనిషి ఎత్తిపొడిచెను. ఆ మాట ట్రాలప్ మనస్సున ముల్లువలె నాటుకొని 30 ఏండ్లకు పైగా నిలిచెను.

1841 లో ఐర్లండునకు బదిలీ యైన పిమ్మట అతని జీవితము మారెను. గుర్రముపై ఊరూర తిరిగి తపాలా మార్గములను పరీక్షించు పని. అది అతనికి ప్రాణమాయెను. 1844 లో రోజ్ హెసెల్టైన్ అను ఆమెను వివాహమాడెను. ఆ దేశపు బీద కౌలుదారులను, ఆ పిమ్మట వచ్చిన గొప్ప క్షామమును కన్నులార చూచెను. నేడు మన వీధి మొగలోని తపాలా పెట్టెలో ఉత్తరము వేయువారు ఇతనిని తలచుకొనవచ్చును. ఏలయన బ్రిటిషు రాజ్యమున వీధులలో ఇనుప పెట్టెలు నిలుపుడని సలహా యిచ్చి, 1852 లో జెర్సీ ద్వీపమున మొదటి పెట్టెలు పెట్టించినవాడు ట్రాలప్.

ఉద్యోగము మానక నవలలు వ్రాయుటకు అతడు కనుగొనిన ఉపాయము నిద్ర తగ్గించుకొనుట. ఉదయము 5 గంటల 30 నిమిషములకు బల్లయొద్ద కూర్చుండెడివాడు. తనను లేపి కాఫీ యిచ్చినందుకు ముసలి సేవకునికి ఏటా 5 పౌనులు అదనముగా ఇచ్చెను. గడియారము ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెడివాడు. ఈ రీతిని జీవితమున 47 నవలలు ముగించెను. ఒక దేవాలయ పట్టణపు మతగురువుల సంసారములను, తగవులను వర్ణించిన బార్చెస్టరు నవలలు అతనిని ప్రసిద్ధుని చేసెను.

కాని ముల్లు ముల్లుగానే యుండెను. తపాలా శాఖలో తనకు రావలసినదని నమ్మిన పై పదవి ఇతరునకు దక్కగా, 1867 లో, ఉపకారవేతనపు వయస్సునకు ఎనిమిదేండ్ల ముందే, ఉద్యోగము వదలుకొనెను. అంతకు కొంచెము ముందు అతడు ఫినియస్ ఫిన్ అను నవల వ్రాసియుండెను. అందుకై స్పీకరు అనుమతి పొంది రెండు నెలల కాలము సభామందిరపు గ్యాలరీలో కూర్చుండి, క్రింద జరుగు వాదములను, ఓట్లు తీయు రాత్రుల సందడిని శ్రద్ధగా చూచెను. తనకు ఆసనము దొరకని గదిని మేడపై నుండి చూచి వ్రాసిన పుస్తకమది.

1868 నవంబరులో యార్కుషైరులోని బెవర్లీ పట్టణమున లిబరలు పక్షమున నిలిచెను. రెండు స్థానములకు నలుగురు అభ్యర్థులు. ఆ పట్టణమున ఓటునకు వెల కట్టుట వాడుక. రహస్యముగా ఓటు వేయు చట్టము 1872 వరకు రాలేదు గనుక, కొనినవాడు సరుకు ముట్టినదో లేదో కన్నులార చూచుకొనవచ్చును. పని ప్రారంభింపక మునుపే ఎన్నికల వ్యవహారములలో పండిన యొకడు ట్రాలప్ నకు భవిష్యత్తు చెప్పెను: నీవు ఓడిపోదువు, డబ్బు పోవును, గెలిచినవారిపై దావా పడును, విచారణ సంఘము వచ్చును, తుదకు ఆ ఊరి ప్రాతినిధ్యపు హక్కే పోవును, క్రొత్తవానికి ఆ మాత్రము చాలునని. అంతయు అట్లే జరిగెను. ఎడ్వర్డ్సు అను కన్సర్వేటివు నాయకునికి 1132 ఓట్లు వచ్చెను. ట్రాలప్ నకు 740. నలుగురిలో కడపటివాడు. ఖర్చు 400 పౌనులు. లంచములు రుజువై ఎన్నిక రద్దాయెను; 1870 లో బెవర్లీ తన హక్కును కోల్పోయెను. లంచము పుచ్చుకొనుటకంటె లంచమును నిందించుటయే ఆ ఊరివారికి నేరముగా తోచుట అతనిని మిక్కిలి నొప్పించెను. ఆ నెలలలో ఫినియస్ ఫిన్ నవల అతడు నడుపుచున్న పత్రికలో నెలనెల వెలువడుచుండెను. కథానాయకుడు సభలో పేరు గాంచుచుండగా గ్రంథకర్త బెవర్లీ వీధులలో తలుపులు తట్టుచుండెను!

ఆ నవలలోని సంకటమును తెలియుటకు ఒక సంగతి ఎరుగవలెను. 1911 వరకు కామన్సు సభ్యులకు జీతము లేదు. పదవి గలవారికే జీతము. ఫినియస్ ఐర్లండు వైద్యుని కుమారుడు, ఆస్తి లేనివాడు. సౌందర్యము, వాక్చాతుర్యము, మిత్రుల ప్రాపు అతనిని ఉపమంత్రిని చేసెను. పదవిలో నున్నవాడు పక్షముతో ఓటు వేయవలెను. తన దేశపు కౌలుదారుల హక్కును గూర్చిన వాదము వచ్చినప్పుడు పక్షము ఒక వైపున, అతని మనస్సాక్షి ఒక వైపున నుండెను. ఓటు మనస్సాక్షికి ఇచ్చి, పదవిని, దానితో కూడునిచ్చు జీతమును వదలి అతడు ఇంటికి పోయెను. ట్రాలప్ ఇందు అతనిని మహావీరునిగా చేయలేదు. భయపడుచు, చింతించుచు ఆ పని చేసిన సామాన్యునిగా చూపెను. అందుచేతనే మనము నమ్ముదుము.

తరువాతి నవలలలో ప్లాంటజెనెట్ పాలిసర్ అను ప్రభువు ముఖ్యుడు. నాణెములను దశాంశ పద్ధతికి తెచ్చుట అతని జీవితాశయము. ఆ మాట ఎత్తగానే మిత్రులకు ఆవులింతలు వచ్చును. మన దేశమున 1957 లో అణాలు పోయి నయా పైసలు వచ్చెను. ఇంగ్లండున 1971 వరకు రాలేదు. 1876 లో ముగిసిన ప్రధాన మంత్రి అను నవలలో పాలిసర్ ఆ పదవి నధిష్ఠించెను. నిష్కళంకుడు, కాని పత్రికలో ఒక చెడ్డమాట చూచినచో నిద్రపట్టదు. తన భూములున్న పట్టణమున ఎన్నికకు తన పలుకుబడి వినియోగింపనని ప్రతిజ్ఞ చేసెను. భార్య గ్లెంకోరా మాత్రము చాటున ఒకనికి ఆశ పెట్టెను. వాడు ఓడిపోయి ఖర్చు అడుగగా, భార్య తప్పు బయలుపడకుండ ప్రధాన మంత్రి 500 పౌనులు ఇచ్చెను. పత్రికలు దానిని లంచమని చాటెను. ఇట్టివాడే పక్షమునకు ఏ విధముగను ఉపయోగపడని పరోపకారికి గార్టరు బిరుదిచ్చి స్వపక్షము వారి కోపమునకు గురియాయెను. బెవర్లీలో దొరకని మనిషిని ట్రాలప్ కాగితముపై నిర్మించుకొనెను.

శాసన నిర్మాణపు పద్ధతి నేర్చుకొనగోరువారికి ఈ నవలలు చాలవు. చట్టపు ముసాయిదాలకంటె విందులు ఎక్కువ. నక్కల వేట నాకు విసుగు పుట్టించెను. కాని మన బాలికలు లేడీ లారా అను ఆమె కథను చదువవలెను. తండ్రి, భర్త ఇరువురును రాజకీయములలో నున్నవారే. వారికంటె ఆమెకు బుద్ధి మిన్న. అయినను ఆ కాలమున స్త్రీలు కామన్సు సభను ఇనుప జాలరు వెనుక నుండి చూడవలసినదే; ఆ జాలరు 1917 లో గాని తొలగింపబడలేదు. పైనుండి చూచుట యెట్లుండునో ఎరిగినవాడు గనుక ట్రాలప్ ఆమె దుఃఖమును ఎరిగి వ్రాసెను.

1882 నవంబరులో బంధువుల యింట హాస్య నవల యొకటి చదువగా విని బిగ్గరగా నవ్వుచున్న ట్రాలప్ నకు పక్షవాతము వచ్చెను. డిసెంబరు 6 వ తేదీన తన 67 వ యేట మరణించెను. మరుసటి యేడు స్వీయచరిత్ర వెలువడగా, గడియారము పెట్టుకొని వ్రాసినవాని రచన ఏమి రచనయని కొందరు పెదవి విరిచిరి. కొంతకాలము అతని కీర్తి మాసెను. రెండవ ప్రపంచ యుద్ధపు దినములలో ఆంగ్లేయులు మరల ఆ నవలలు చదువ నారంభించిరి. ప్రధాన మంత్రిగా నుండిన హెరాల్డ్ మెక్మిలన్ వానిని ప్రీతితో చదివెడివాడు. 1993 లో వెస్టుమినిస్టరు అబ్బే దేవాలయమున కవుల మూలయందు ట్రాలప్ పేరిట ఒక శిల వేయించిరి. ఆ దేవాలయము పార్లమెంటు భవనమునకు ఎదుటనే, వీధి కావలి ప్రక్కన నున్నది.